పరాయి దేశపు అంతర్యుద్ధానికి ఎందుకు వెళ్తారు?

మీ ప్రశ్న చదివానమ్మా. ఉస్మానియాలో పొలిటికల్ సైన్స్ పీజీ చేస్తున్నారు, అంతర్యుద్ధాల్లో పోరాడే విదేశీయుల మీద ప్రాజెక్టు తీసుకున్నారు. మతం, డబ్బు, సిద్ధాంతం, బ్రెయిన్‌వాష్, వీటిలో అసలు కారణం ఒకటి తేల్చి దాని చుట్టూ రాయమన్నారు మీ గైడ్. చదివేకొద్దీ ఏదీ తేలక టెన్షన్ పడుతున్నారు. హైదరాబాద్‌కి సంబంధించిన ఉదాహరణ ఏదైనా దొరుకుతుందా అని కూడా అడిగారు. కావలసినన్ని ఉన్నాయి. ఈ నగరంలోనే చాలా ఏళ్ళు అంతర్జాతీయ సంబంధాలు పాఠం చెప్పినవాణ్ని, ఈ అంశం మీద పిల్లల చేత ప్రాజెక్టులు చేయించినవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఒక సలహా. మనిషి ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళాడన్నది ఒక ప్రశ్న. వెళ్ళాక అక్కడే ఎందుకు ఉండిపోయాడన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండూ విడివిడిగా పెట్టుకోండి. పేపర్లవాళ్ళూ, టీవీ చర్చలవాళ్ళూ, చాలా థీసిస్‌లు రాసినవాళ్ళూ వీటిని కలిపేస్తారు. చనిపోయినవాణ్నో పట్టుబడినవాణ్నో చూసి, మొదటి రోజు అతని మనసులో ఏముందో వెనక్కి ఊహిస్తారు. మీకు ఏదీ తేలకపోవడానికి సగం కారణం అదే.

స్పెయిన్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే వెళ్ళినవాళ్ళ ఉత్తరాలూ రికార్డులూ బాగా మిగిలిన యుద్ధం అది. 1936లో జనరల్ ఫ్రాంకో తిరుగుబాటు చేశాక, రిపబ్లిక్ ప్రభుత్వం తరఫున పోరాడటానికి యాభైకి పైగా దేశాల నుంచి దాదాపు 35 వేల మంది వచ్చారు. ఇంటర్నేషనల్ బ్రిగేడ్లు అంటే వీళ్ళే. ఫాసిజాన్ని ఎదిరించిన ఆదర్శవాదులని పుస్తకాలు చెబుతాయి. అది నిజం, దాన్ని చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు. కానీ ఒక్కో గుంపునీ విడిగా చూడండి. జర్మనీ, ఇటలీ నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది అప్పటికే సొంత దేశంలో కాలు పెట్టలేని ప్రవాసులు. "ఈరోజు స్పెయిన్‌లో, రేపు ఇటలీలో" అని ఇటలీ ప్రవాస నాయకుడు కార్లో రొసెల్లీ ఇచ్చిన పిలుపు వాళ్ళ మనసుని చెబుతుంది. వాళ్ళకది పరాయి యుద్ధం కానే కాదు, ఇంటికి వెళ్ళే దారి. వేల్స్ నుంచి వచ్చిన గని కార్మికులు ఏళ్ళ తరబడి పని లేక, ఆకలి యాత్రల్లో నడిచి, అదే యూనియన్‌లోని నేస్తాలతో కలిసి బయల్దేరారు. అమెరికా నుంచి దాదాపు 2,800 మంది వస్తే వాళ్ళలో నల్లజాతివారు కొద్దిమంది. ముస్సోలినీ 1935లో ఇథియోపియా మీద పడ్డప్పుడు అక్కడికి వెళ్ళి పోరాడాలనుకుని, వీలుపడక, అదే శత్రువుని స్పెయిన్‌లో వెతుక్కున్నవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఆలివర్ లా అనే నల్లజాతి కార్మికుడు అక్కడ తెల్లవాళ్ళున్న అమెరికన్ దళానికి కమాండర్ అయ్యాడు. సొంత దేశపు సైన్యంలో ఆ రోజుల్లో అది ఊహకందని సంగతి. 1937 జులైలో బ్రునెటే దగ్గర చనిపోయాడు.

మనవాళ్ళూ ఉన్నారు. నాగ్‌పూర్‌కి చెందిన గోపాల్ ముకుంద్ హుద్దార్ కథ మీ ప్రాజెక్టులో తప్పకుండా ఉండాలి. ఆర్‌ఎస్‌ఎస్ తొలి రోజుల్లో ప్రధాన బాధ్యతల్లో ఉన్న మనిషి. తర్వాత లండన్‌కి వెళ్ళాడు, అక్కడ వామపక్షంవైపు మళ్ళాడు, జాన్ స్మిత్ అనే మారుపేరుతో ఇంటర్నేషనల్ బ్రిగేడ్‌లో చేరాడు, 1938లో ఫ్రాంకో సైన్యానికి చిక్కి నిర్బంధ శిబిరంలో గడిపి, అదే ఏడాది విడుదలయ్యాడు. ఇతణ్ని ఏ గడిలో వేస్తారు? వలస పాలన మీద కోపం మొదటి నుంచీ చివరిదాకా ఉంది, దాని చుట్టూ ఉన్న సిద్ధాంతమే మారిపోయింది.

ఇక అదే యుద్ధంలో అవతలి పక్షం చూడండి. ఫ్రాంకో తరఫున మొరాకో సైనికులు 60 వేలకు తక్కువ లేరు. ఉత్తర మొరాకోలో కరువు, పేదరికం. చేరితే ముందస్తు జీతం, ఇంటికి నూనె, చక్కెర, రొట్టె. దాంతోపాటు దేవుడే లేడనేవాళ్ళ మీద యుద్ధం అనే ప్రచారం. ఆ ముస్లిం సైనికులు పోరాడింది కాథలిక్ మతాన్ని కాపాడతానని చెప్పుకున్న ఒక జనరల్ కోసం, తమ నేల మీద పెత్తనం చేస్తున్న దేశం జెండా కింద. మతం అనే ఒక్క మాటతో దీన్ని వివరించగలమా? డబ్బు అనే ఒక్క మాటతో కూడా కుదరదు. ఆ ఊళ్ళలో అప్పటికే స్పానిష్ సైన్యంలో పనిచేసే అన్నలూ బాబాయిలూ ఉన్నారు, కుర్రాళ్ళు వాళ్ళ వెనకే నడిచారు.

హైదరాబాద్ ఉదాహరణ అడిగారు కదా, బార్కస్‌కి వెళ్ళండి. చాంద్రాయణగుట్ట దాటితే వచ్చే ఆ బస్తీ పేరు బ్యారక్స్ నుంచి వచ్చిందే. అక్కడి చాలా కుటుంబాల పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువులో సైనికులుగా చేరడానికి వచ్చినవాళ్ళు. ఇప్పుడు అక్కడికి హరీస్ తినడానికీ, జామపళ్ళు కొనడానికీ వెళ్ళేవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఎండిపోయిన నేల, తెగల కొట్లాటలు వదిలి పందొమ్మిదో శతాబ్దంలో జీతం కోసం వచ్చారు. అరబ్బు జమాదార్లు ఇక్కడ దళాలు నడిపారు, అప్పులిచ్చారు, ఆస్తులు కూడబెట్టారు. అసలు కథ ఆ తర్వాతది. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే జమాదారు హైదరాబాద్‌లో సంపాదించిన డబ్బుని సొంత ఊరికి పంపి అక్కడి అధికారం కోసం పోరు నడిపించాడు. ఆయన కుటుంబం షిబామ్‌తో మొదలుపెట్టి రేవు పట్టణాలు షిహ్ర్, ముకల్లా దాకా గెలుచుకుని 1967 వరకూ సాగిన ఒక సుల్తానేట్‌ని నిలబెట్టింది. వాళ్ళకి ప్రత్యర్థులైన కథీరీల నాయకుడు గాలిబ్ బిన్ ముహ్సిన్ కూడా హైదరాబాద్ జమాదారే. అంటే ఎక్కడో అరేబియాలో జరిగిన తగవులో రెండు పక్షాలకీ పెట్టుబడి మన మూసీ ఒడ్డున పుట్టింది. ఇక్కడికొచ్చేటప్పుడు కూలికొచ్చిన సైనికుడు, అక్కడికి తిరిగి చూసేటప్పుడు రాజకీయ నాయకుడు. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత ఇక్కడి అరబ్బుల్ని వేల సంఖ్యలో నిర్బంధించి, చాలామందిని తిప్పి పంపించారు. తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళు కూడా ఒక్క రోజులో మళ్ళీ విదేశీయులయ్యారు.

సాహసం కోసం వెళ్ళేవాళ్ళ గురించి ఎక్కువ రాయను. ఉంటారు. ఏ యుద్ధంలో చూసినా కొద్దిమందే, పుస్తకాల్లో మాత్రం వాళ్ళకే ఎక్కువ పేజీలు దొరుకుతాయి. స్వీడన్ పైలట్ కార్ల్ గుస్తాఫ్ వాన్ రోజెన్ ఇథియోపియాలో రెడ్‌క్రాస్ కోసం, తర్వాత ఫిన్లాండ్ కోసం, 1969లో నైజీరియా అంతర్యుద్ధంలో, విడిపోవాలని పోరాడుతున్న బయాఫ్రా ప్రాంతం కోసం విమానాలు నడిపి, 1977లో ఇథియోపియాలోనే చనిపోయాడు. సాహసమూ దయా అతనిలో ఎక్కడ విడిపోతాయో చెప్పడం కష్టం. అటు పూర్తిగా డబ్బు కోసం వెళ్ళినవాళ్ళకి ఉదాహరణగా 1976లో అంగోలాలో విచారణ ఎదుర్కొన్న 13 మంది బ్రిటిష్, అమెరికన్ కిరాయి సైనికుల్ని చూపిస్తారు. నలుగురికి మరణశిక్ష అమలు చేశారు. ఆ మరుసటి ఏడాది జెనీవా ఒప్పందాల అదనపు ప్రొటోకాల్‌లో కిరాయి సైనికుడికి నిర్వచనం రాసుకున్నారు. అందులో ఒక షరతు, ప్రధానంగా సొంత లాభం కోసమే పోరాడి ఉండాలని. ఒకరి మనసులోని ప్రధాన ఉద్దేశాన్ని కోర్టులో రుజువు చేయడం ఎలా? అందుకే ఆ నిర్వచనం కింద ఎవరినీ నిలబెట్టడం దాదాపు అసాధ్యమని న్యాయనిపుణులు అప్పటి నుంచీ అంటున్నారు. మీ గైడ్ మీ చేత చేయించాలనుకుంటున్నదీ అలాంటి పనే.

సిరియా దగ్గరికొద్దాం. వందకు పైగా దేశాల నుంచి 40 వేల మందికి పైగా సిరియా, ఇరాక్‌లకి వెళ్ళారని అంచనా. ఇస్లామిక్ స్టేట్‌లో చేరడానికి సరిహద్దు దాటినవాళ్ళ చేత నింపించిన ఫారాలు 2016లో బయటపడ్డాయి. మీ ప్రాజెక్టుకి ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు, నిదానంగా చదవండి. మొత్తం 23 గడులు. పేరు, మారుపేరు, తల్లి పేరు, రక్తం గ్రూపు, పెళ్ళయిందా, ఎంత చదివావు, ఇంతకు ముందు ఏం పని చేసేవాడివి, ఏ దేశాలు తిరిగావు, ఎవరి సిఫారసుతో వచ్చావు, సరిహద్దు ఎవరు దాటించారు, షరియా ఎంత తెలుసు, పోరాడతావా ఆత్మాహుతి చేస్తావా, మా దగ్గర డిపాజిట్ చేసిన వస్తువులేవి. చివర్లో చనిపోయిన తేదీ, స్థలం రాసే ఖాళీలు. చేరే రోజునే ఆ ఖాళీలు ఎదురుగా కనిపిస్తుంటాయి. ఒక ఆఫీసులో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినట్టుగా కుర్రాళ్ళు దాన్ని నింపారు.

ఆ ఫారాల్లో సుమారు 70 శాతం మంది తమకి షరియా ప్రాథమికంగానే తెలుసని రాశారు. దీన్ని చూపించి మతానికి సంబంధమే లేదని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. మతం పేరు మీదే వెళ్ళారు, మతం కోసమే అని నమ్మి వెళ్ళారు. కాకపోతే ఆ మతాన్ని ఇంట్లో పెద్దల దగ్గరో, బస్తీ మసీదులోనో నేర్చుకున్నది తక్కువ, ఫోన్‌లో ఎవరో అపరిచితుడు చెప్పగా విన్నది ఎక్కువ. తెలిసినవాళ్ళు తక్కువ కాబట్టే ఆ అపరిచితుడు చెప్పిందానికి ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు లేకపోయారు.

ఇంకో సంగతి. 2007లో ఇరాక్‌లోని సింజార్ దగ్గర అమెరికన్ సైన్యానికి అల్ ఖైదా రికార్డులు దొరికాయి, అవీ విదేశీ యోధుల చేరికల పత్రాలే. వాటిలో ఏ పని చేస్తామన్నది రాసినవాళ్ళలో సగానికి పైగా ఆత్మాహుతి అని రాశారు. ఇస్లామిక్ స్టేట్ ఫారాల్లో అలా రాసినవాళ్ళు ఎనిమిది మందిలో ఒకరికి మించలేదు. ఇరాక్‌కి అప్పట్లో వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది చావడానికి వెళ్ళారు. సిరియాకి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది అక్కడ ఒక కొత్త రాజ్యంలో బతుకుదామని వెళ్ళారు, కొందరు పెళ్ళాం పిల్లలతో సహా. ఒకే యుద్ధంలో కూడా తేదీని బట్టి మనుషులు మారారు. 2012లో వెళ్ళినవాణ్ని అప్పటి సిరియా అధ్యక్షుడు అసద్ విమానాలు జనం మీద బాంబులు వేసే వీడియోలు కదిలించాయి. 2014 జూన్‌లో ఖిలాఫత్ ప్రకటించాక వెళ్ళినవాడి లెక్క వేరు. ఇద్దరినీ ఒకే పట్టికలో కలిపితే మీకు వచ్చే సగటుకి అర్థం ఉండదు.

వీళ్ళకి ఎదురుగా నిలబడ్డ విదేశీయుల సంగతి మన విద్యార్థులు తరచూ వదిలేస్తారు. ఇరాన్‌లో తలదాచుకున్న హజారాలతో, అంటే అఫ్గానిస్తాన్‌కి చెందిన షియా తెగవాళ్ళతో, ఫాతిమియూన్ దళాన్ని తయారుచేసి అసద్ తరఫున పంపారు. డమాస్కస్ దగ్గరున్న, ప్రవక్త మనవరాలు సయ్యిదా జైనబ్ దర్గాని కాపాడాలన్నది నినాదం. పాతబస్తీలో మొహర్రం నాడు బీబీ కా ఆలం ఊరేగింపు చూసినవాళ్ళకి ఆ పేరు ఎంత లోతుగా తాకుతుందో చెప్పనక్కర్లేదు. అయితే వాళ్ళలో చాలామందికి ఇరాన్‌లో నివాస పత్రాలు లేవు. చేరితే జీతం, కుటుంబానికి నివాస అనుమతి. చేరకపోతే అఫ్గానిస్తాన్‌కి పంపేస్తామని బెదిరించారని మానవ హక్కుల సంస్థలతో కొందరు చెప్పారు. భక్తి, జీతం, కాగితాలు, భయం అన్నీ ఒకే మనిషిలో ఉన్నాయి. వాటిలో ఒకటే నిజమైనదని చెప్పే హక్కు మనకెక్కడిది?

2014లో కర్బలా, నజఫ్‌లకి ముప్పు వచ్చిందన్నప్పుడు ఢిల్లీలో ఒక షియా సంస్థ ఇరాక్ వెళ్ళి పుణ్యస్థలాల్ని కాపాడటానికి పేర్లిమ్మంటే వేలమంది ఫారాలు నింపారు. విషయం దాదాపు అక్కడే ఆగిపోయింది. అంత ఆవేశమున్నా యుద్ధభూమికి చేరలేదు, ఎందుకంటే మధ్యలో దారి లేదు, దాటించేవాడు లేడు. కాబట్టి ఉద్దేశాల చాప్టర్ ఎంత పెద్దదో, దారి గురించిన చాప్టర్ కూడా అంత పెద్దదిగా రాయండి.

మన నగరంలో జరిగిందే చూడండి. 2014లో ఇస్లామిక్ స్టేట్ వైపు బయల్దేరిన కొందరు హైదరాబాద్ విద్యార్థుల్ని పశ్చిమ బెంగాల్‌లో ఆపి, వెనక్కి తెచ్చి, కేసులు పెట్టకుండా కౌన్సెలింగ్ ఇచ్చి తల్లిదండ్రులకి అప్పగించారు. 2015 డిసెంబరులో నాగ్‌పూర్ విమానాశ్రయంలో మళ్ళీ ముగ్గురు పట్టుబడ్డారు. ఆ ముగ్గురూ దగ్గరి బంధువులు, వాళ్ళలో ముందుసారి ఆపినవాడూ ఉన్నాడు. కౌన్సెలింగ్ పనికిరాదని దీన్నిబట్టి అనడం తొందరపాటు. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది చుట్టరికం. వేల్స్ గనుల్లో యూనియన్ నేస్తాలు, మొరాకో ఊళ్ళలో అన్నలూ బాబాయిలూ, ఇక్కడ వరసకి అన్నదమ్ములు. ఒంటరిగా నిర్ణయించుకుని వెళ్ళినవాడు ఏ యుద్ధంలోనైనా అరుదు. ముంబయి దగ్గరి కల్యాణ్ పట్టణం నుంచి 2014లో ఇరాక్ వెళ్ళినవాళ్ళు కూడా నలుగురు స్నేహితులు, యాత్రికుల బృందంతో కలిసి వెళ్ళారు. వాళ్ళలో తిరిగొచ్చినవాడు అక్కడ తన చేత మరుగుదొడ్లు కడిగించారనీ, నీళ్ళు మోయించారనీ దర్యాప్తు అధికారులతో చెప్పినట్టు వార్తలొచ్చాయి.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఎందుకు ఉండిపోయారు. దీనికి నేను పిల్లలకి చెప్పే పద్ధతి ఒకటుంది. ఏ యుద్ధం తీసుకున్నా, ఆ మనిషి పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి. స్పెయిన్‌లో ఆదర్శంతో వచ్చిన వాలంటీర్ల పాస్‌పోర్టులు శిబిరంలో తీసేసుకున్నారు, చాలామందికి తిరిగి ఇవ్వలేదు. అలా పోయిన ఒక కెనడా వాలంటీరు పాస్‌పోర్టునే మార్చి, 1940లో మెక్సికోలో రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీని చంపిన హంతకుడు వాడుకున్నాడు. ఆ వాలంటీరు స్పెయిన్‌లోనే చనిపోయాడు. ఇస్లామిక్ స్టేట్ ఫారంలో డిపాజిట్ వస్తువుల గడి ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఉక్రెయిన్ యుద్ధం మీ నిర్వచనంలోకి రాదు, 2022 తర్వాత అది రెండు దేశాల యుద్ధం. అయినా ఒక పేరా రాయండి, ఎందుకంటే మన ఇళ్ళలో జరిగింది. హెల్పర్ ఉద్యోగం, మంచి జీతం, సరిహద్దుకి పంపరు అని ఏజెంట్లు చెబితే తెలంగాణ కుర్రాళ్ళు కూడా రష్యా వెళ్ళారు. అర్థంకాని రష్యన్ భాషలో ఉన్న కాంట్రాక్టు మీద సంతకం పెట్టారు, పాస్‌పోర్టులు చేజారాయి, కొద్దిపాటి శిక్షణతో కందకాల్లోకి పంపారు. హైదరాబాద్ యువకుడు ఒకరు 2024లో అక్కడ చనిపోయారు. 2025 జనవరికి రష్యా సైన్యంలో చేరిన భారతీయులు 126 మంది అని తెలిసింది, వాళ్ళలో 12 మంది మరణించారని విదేశాంగ శాఖ చెప్పింది. సరిగ్గా ఇలాగే, ఎమిరేట్స్‌లో సెక్యూరిటీ గార్డు పని అనుకుని బయల్దేరిన కొలంబియా మాజీ సైనికులు సూడాన్ అంతర్యుద్ధంలో తేలారని 2024 చివర్లో వార్తలొచ్చాయి. వీళ్ళని కిరాయి సైనికులు అని రాసేవాళ్ళంటే నాకు చాలా కోపం. ఆ పిల్లల ఉద్దేశం ఒక ఉద్యోగం, ఇంటి అప్పు తీర్చడం. యుద్ధం వాళ్ళ ఉద్దేశంలోనే లేదు.

చివరగా చట్టం సంగతి అడిగారు. పాత ఐపీసీ 125వ సెక్షన్ ప్రకారం మన ప్రభుత్వంతో శాంతిగా ఉన్న ఆసియా దేశపు ప్రభుత్వం మీద యుద్ధం చేయడం నేరం, యావజ్జీవం దాకా శిక్ష. కల్యాణ్ కేసులో వాడిన సెక్షన్లలో అదీ ఒకటి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దాని స్థానంలో 153వ సెక్షన్ ఉంది, అందులో ఆసియా అనే హద్దు తీసేసి ఏ విదేశమైనా అన్నారు. ఎందుకు వెళ్ళాడన్నది ఈ సెక్షన్ అడగదు. మోసపోయానని రుజువు చేసుకునే భారం ఆచరణలో ఆ కుర్రాడి మీదా, వాళ్ళ అమ్మానాన్నల మీదా పడుతుంది. వాళ్ళకి అప్పుడు పనికొచ్చేవి ఏజెంటుతో జరిగిన వాట్సాప్ మాటలు, డబ్బు కట్టిన రసీదులు, కాంట్రాక్టు కాపీ. మీరు ఫీల్డ్‌వర్క్‌కి ఆ కుటుంబాల దగ్గరికి వెళ్తే, వెంటనే మీ అబ్బాయి ఎందుకు వెళ్ళాడని అడగకండి. ఎవరు ఫోన్ చేశారు, ఎవరితో కలిసి వెళ్ళాడు, మొదటి నెల ఏమని మెసేజ్‌లు పెట్టాడు అని అడగండి. ఇచ్చిన కాగితాలన్నీ తేదీల వరసలో పెట్టి, ఫొటోలు తీసుకుని, అసలువి వాళ్ళకే ఇచ్చి రండి.